ఉత్తరం అంచున లెక్కలు

క్లీవ్‌లాండ్ పక్కన పార్మాలో మేమున్న ఇంటి వంటగదికి ఒకటే కిటికీ. చలికాలం వచ్చిందంటే దాని అద్దాలకు లోపలివైపు చెమ్మ పట్టేది. అమ్మ ఇంగువ పోపు పెడితే ఆ వాసన బయటికిపోయే దారిలేక కర్టెన్లలోకీ, మా స్వెట్టర్లలోకీ, నేను బడికి తీసుకెళ్లే సంచిలోకీ చేరి కూర్చునేది. ఆ కిటికీ కింద ఒక బల్ల, ఆ బల్లకు ఒక కాలు పొట్టి, దానికింద ఎప్పుడో మడిచిపెట్టిన పేపరు. ఇంటి జమాఖర్చులూ, నా ఎక్కాలూ, తెనాలిలో ఉన్న నానమ్మకు నాన్న రాసే నీలం ఎయిరోగ్రాములూ, మా ఊరి ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్ మంచిచెడ్డలూ అన్నీ ఆ బల్లమీదే తేలేవి.

ఆ చర్చల్లో ముఖ్యులు ముగ్గురు. ఒకరు నాన్న. రెండోవాడు బాబాయి. సొంత బాబాయి కాదుగానీ, అక్కడ చదువుకోవడానికొచ్చి, వదిన చేతి కూడు కోసం ప్రతి శనివారం బస్సెక్కి వచ్చేవాడు. మూడో ఆయన ఎదురింటి తాత. ఉక్కు ఫ్యాక్టరీలో జీవితమంతా కొలిముల దగ్గర గడిపి రిటైరైన పోలిష్‌వాళ్ల పెద్దాయన. వాళ్లావిడ ఉడకబెట్టి వెన్నలో వేయించి పంపే పియరోగీలు చూసి అమ్మ మొదటిసారి "కజ్జికాయల్లోకి బంగాళాదుంప కూరడమేవిఁటి, చోద్యం కాకపోతే" అంది. తరవాత మాంసం లేనివి మా కోసం వేరుగా చేసి పంపేదామె, బదులుగా అమ్మ క్రాన్‌బెర్రీలతో పెట్టిన పచ్చడి సీసా ఎదురింటికి వెళ్లేది. గోంగూర దొరకని ఊళ్లో పులుపుకి అవే దిక్కు.

1982 ఆకురాలే కాలం మాత్రం ఆ బల్ల చుట్టూ కొంచెం నిశ్శబ్దంగా గడిచింది. సీజను మొదలై రెండు ఆటలు అయ్యాయో లేదో ఆటగాళ్లు సమ్మెకు దిగారు. 57 రోజులు ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానాలన్నీ ఖాళీ. ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చునే తాత ఏం చేయాలో తోచక మా పెరట్లో ఆకులు కూడా ఆయనే ఊడ్చి కుప్ప వేసేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే నాన్న పనిచేసే ఫ్యాక్టరీ కూడా పని లేదని కొందరిని ఇంటికి పంపింది, మళ్లీ పిలుస్తామంది. దేశమంతటా నిరుద్యోగం నూటికి 10.8కి చేరిన శీతకాలం అది, మా వీధిలో పగటిపూట కార్లు కదలని ఇళ్లు చాలానే ఉండేవి. నాకు మాత్రం నాన్న రోజూ బడి దాకా నడిచి వచ్చి దింపడం పండగలాగే ఉండేది. అమ్మ గోధుమ రవ్వకు బదులు క్రీమ్ ఆఫ్ వీట్ డబ్బాతో వారానికి నాలుగుసార్లు ఉప్మా చేసేది, నాకు ఉప్మా ఇష్టమే.

సమ్మె తెగి ఆటలు మళ్లీ మొదలయ్యేసరికి నవంబరు మూడు వారాలు గడిచిపోయాయి. పదహారు ఆటలాడాల్సిన జట్లకు తొమ్మిదే మిగిలాయి. అంత తక్కువ ఆటలతో ఎవరు గొప్పో తేల్చలేమని, మామూలుగా పది జట్లను పిలిచే ప్లేఆఫ్స్‌కి ఆ ఏడు 28 జట్లలో 16 జట్లను పిలుస్తామన్నారు. తాతకు ఇది నచ్చలేదు. "సగం కంటే ఎక్కువ మందికి పెళ్లి భోజనం పెడితే అది పెళ్లెలా అవుతుంది, సత్రవవుతుంది" అన్నట్టుగా ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు, నాన్న దాన్ని మాకిలా తెలుగు చేసి చెప్పాడు.

కొత్త సంవత్సరానికి పిట్స్‌బర్గ్ వెళ్లాం. పెన్ హిల్స్ కొండమీద వెంకటేశ్వరస్వామి గుడి అప్పటికింకా కొత్తది. రెండు గంటలకు పైగా కారు ప్రయాణం. ధనుర్మాసం కాబట్టి పొంగలి ఉంటుందని అమ్మ, పులిహోర ఉంటుందని నేను. చెప్పులు విప్పి చలికి జివ్వుమనే గచ్చుమీద గబగబా నడిచి లోపలికెళితే కర్పూరం, నెయ్యి, తడి ఉన్నికోట్లు అన్నీ కలిసిన వాసన. అమెరికాలో దేవుడి వాసన అంటే నాకిప్పటికీ అదే. ఆ జనవరి 2 ఆదివారంనాడే, అదే ఊళ్లో, నదుల ఒడ్డున ఉన్న త్రీ రివర్స్ స్టేడియంలో మా బ్రౌన్స్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో చివరి లీగ్ ఆట ఆడుతున్నారు. తిరుగు ప్రయాణంలో నాన్న కారు రేడియో పెట్టాడు. 37–21తో ఓడిపోయారు. ఒళ్లో ఆకు దొన్నె, అందులో అడుగున మిగిలిన నాలుగు పల్లీలు, ముందు సీట్లో నాన్న నిట్టూర్పు. దండం పెట్టుకుని వచ్చిన రోజున కూడా ఓడారేమిటని నాకు స్వామి మీద కొంచెం కోపం వచ్చింది.

కానీ ఇంటికొచ్చాక తెలిసింది, ఓడినా లోపలికెళ్లారని. నాలుగు గెలుపులు, ఐదు ఓటములు. అవతలి కాన్ఫరెన్సులో డెట్రాయిట్ లయన్స్‌దీ అదే లెక్క. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువున్న జట్టు ప్లేఆఫ్స్‌కి రావడం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అదే మొదలు. మర్నాడు రాత్రి నాన్న బల్ల ముందు కూర్చుని నానమ్మకి ఉత్తరం మొదలుపెట్టాడు, క్షేమం, ఇక్కడి చలి, గుడికెళ్లిన సంగతి రాశాడు, రాస్తూ రాస్తూ ఆగిపోయాడు. బఫెలో, సియాటిల్ కూడా నాలుగూ ఐదే కదా, మరి మనవాళ్లే ఎలా వెళ్లారని అడిగాను నేను. పెన్సిలు చేతిలోనే ఉంది, ఆ నీలం కాగితం అంచునే లెక్క మొదలుపెట్టాడు. సొంత కాన్ఫరెన్సు జట్ల మీద మనది 4–3, బఫెలోది 3–3, సియాటిల్‌ది 3–5. "చూశావా, ఒక్క వెంట్రుకవాసి" అని 4–3 చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. తరవాత ఆ గీతను చూసుకుని నవ్వి, అంటించి, పోస్టులో వేసేశాడు. కాగితం పారేసి మళ్లీ రాయడం ఆయనకు తెలియదు, ఎయిరోగ్రాము డబ్బులు పెట్టి కొన్నది.

ఇక అసలు వాదన ఆ వారమంతా జరిగింది. ప్లేఆఫ్స్‌లోకి వచ్చిన జట్లన్నిట్లోకీ బలహీనమైనది ఏదీ అని. తాత సొంత జట్టునే ముందు నిలబెట్టాడు. 1964లో బాల్టిమోర్‌ను 27–0తో చిత్తుచేసి కప్పు గెలిచిన బ్రౌన్స్‌ని చూసిన కళ్లతో దీన్ని చూడలేనన్నాడు. రెండేళ్ల కిందట, 1981 జనవరిలో సరస్సు ఒడ్డున కాళ్లు కొయ్యబారిపోయే చలిలో 14–12తో రైడర్స్ చేతిలో ఓడిన రోజు తాను స్టేడియంలోనే ఉన్నాననీ, ఓడినా అది జట్టు అనీ చెప్పాడు. బాబాయి ఒప్పుకోలేదు, డెట్రాయిటే నాసి అన్నాడు. అప్పుడు తాత ఇంకా వెనక్కి వెళ్లి 1969 హ్యూస్టన్ ఆయిలర్స్‌ని తీశాడు. ఆరు గెలిచి, ఆరు ఓడి, రెండు సమం చేసుకుని, ఏఎఫ్‌ఎల్ చివరి సీజన్లో రెండో స్థానంవాళ్లను కూడా పిలవబట్టి లోపలికొచ్చి, ఓక్లండ్‌లో 56–7తో తన్నులు తిన్న జట్టు. యాభై ఆరు అని ఆయన అన్నప్పుడు అమ్మ కూడా గరిటె ఆపి చూసింది.

నాన్న అందరి మాటా విని చివర్లో అన్నాడు: "పిలిచారు కాబట్టి వెళ్లారండీ. పంక్తిలో కూచున్నాక ఎలా వచ్చావని అడగడం మర్యాద కాదు. ఎంత తిన్నాడో చూడాలి."

జనవరి 8, శనివారం. లాస్ ఏంజలెస్‌లో ఆట, ఎదుట ఎనిమిది గెలిచి ఒక్కటే ఓడిన రైడర్స్. బాబాయి ఆ రోజు మరో కబురు కూడా తెచ్చాడు. హైదరాబాద్ నుంచి ఫోనొచ్చిందట, రామారావు గెలిచాడని. పార్టీ పెట్టి తొమ్మిది నెలలేనని, తెల్లారితే ప్రమాణ స్వీకారమని బాబాయి ఊపిరాడకుండా చెబుతుంటే, ఎవరాయన అని తాత అడిగాడు. సినిమా నటుడని నాన్న చెప్పాడు. "ఓ, మీకూనా" అన్నాడు తాత, అప్పుడు వైట్‌హౌస్‌లో ఉన్నది రీగన్. అందరూ ఘొల్లుమన్నారు. మిరపకాయ బజ్జీల పళ్లెం ఒకటి, పియరోగీల పళ్లెం ఒకటి, టీవీ యాంటెనాకు చుట్టిన వెండి కాగితం, బొమ్మ చెదిరినప్పుడల్లా దాన్ని పట్టుకుని నిలబడటానికి నేను. సగం ఆట అయ్యేసరికి 13–10, మనం మూడే పాయింట్లు వెనక. తాత కుర్చీ అంచుకి జరిగాడు. ఆ తరవాత గీతకు దగ్గరదాకా వెళ్లి మనవాళ్లు బంతి జారవిడుచుకున్నారు, అక్కణ్నుంచి ఇక లేవలేదు. 27–10. అదే రోజు డెట్రాయిట్ కూడా వాషింగ్టన్ చేతిలో 31–7తో ఓడింది. చూశారా, అదే నాసి అని బాబాయి. మూడు వారాల తరవాత వాషింగ్టనే సూపర్ బౌల్ గెలిచేసరికి, మల్లయోధుడి చేతిలో పడినవాణ్ని పీచంటే ఎలా అని నాన్న.

ఫిబ్రవరిలో నానమ్మ ఉత్తరం వచ్చింది. నాన్న ఎప్పటిలాగే పైకి చదువుతున్నాడు. మినుములు ఇంటికొచ్చాయట, గేదె ఈనిందట, పిన్ని కూతురికి సంబంధం చూస్తున్నారట. చివర్న ఒక మాట: "అబ్బాయ్, నీ ఉత్తరం పక్కన ఏవో లెక్కలు వేసుకున్నావు. నాలుగూ మూడూ, మూడూ ఐదూ. ఒకదానికి సున్నా చుట్టావు. అప్పులేమన్నా చేశావా నాయనా? ఏదన్నా ఉంటే రాయి, దాచకు." నాన్న గట్టిగా నవ్వాడు. అమ్మ నవ్వలేదు, పొయ్యి దగ్గరికెళ్లి మంట తగ్గించింది. పని పోయిన సంగతి నాన్న తెనాలికి రాయలేదని నాకు తెలిసింది చాలా ఏళ్ల తరవాత. వేసవి రాకముందే ఫ్యాక్టరీ మళ్లీ పిలిచింది, నాన్న వెళ్లాడు, ఇక ఆ మాట రాయాల్సిన అవసరం పడలేదు.

వాదన మాత్రం ఆగలేదు. 1985 సీజన్లో ఎనిమిది గెలిచి ఎనిమిది ఓడిన బ్రౌన్స్ మయామీలో 21–3తో ముందుండి 24–21తో ఓడినప్పుడు తాత రెండు రోజులు మా గడప తొక్కలేదు. ఆయన వెళ్లిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా పిల్లలు బల్ల చుట్టూ చేరి, 2014 కరోలినా ఏడు గెలిచి ఎనిమిది ఓడి ఒకటి సమం చేసుకునే వచ్చింది గానీ అరిజోనాను 78 గజాలకే కట్టేసి గెలిచిందని ఒకడూ, ఏడు గెలిచి తొమ్మిది ఓడిన 2020 వాషింగ్టన్ ఆ ఏటి విజేత టాంపా చేతిలోనే కదా 31–23తో ఓడిందని ఒకత్తీ కొట్టుకుంటుంటే నాకు ఆ ఇంగువ వాసనే వస్తుంది.

అన్నిటికంటే బాగా గుర్తున్నది 2011 జనవరి 8. అదే తేదీ, అదే శనివారం. ఏడు గెలిచి తొమ్మిది ఓడిన సియాటిల్, అంతకు ముందేడు కప్పు గెలిచిన న్యూ ఆర్లీన్స్‌ని 41–36తో ఓడించింది. మార్షాన్ లించ్ 67 గజాలు పరిగెత్తిన ఆ ఒక్క పరుగుకు జనం వేసిన కేకలకూ గంతులకూ నేల అదిరితే ఆ అదురు భూకంపాలు కొలిచే యంత్రాల మీద కూడా పడింది. వెంటనే నాన్నకి ఫోన్ చేశాను. అప్పటికాయన రిటైరై తెనాలిలో, నానమ్మ ఇంట్లోనే ఉంటున్నాడు. అక్కడ పొద్దున్నే, వెనక కాఫీ గ్లాసుల చప్పుడు. లెక్క మొత్తం చెప్పించుకుని, మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు.

"ఏడూ తొమ్మిదీనా," అన్నాడు తీరిగ్గా. "ఇది గానీ మీ నానమ్మకి రాసుంటే, ఊళ్లో ఉన్న అర ఎకరం అమ్మి డబ్బు పంపేసేది."