వెండితెర మరచిన కౌబాయ్‌ల ఊరు

బందిపోట్ల మీద సినిమాలు బోలెడు. వారిని మట్టుబెట్టిన నల్లజాతి పట్నానికి మాత్రం హాలీవుడ్‌లో చోటు దక్కలేదు

అమెరికాలోని ఓక్లహోమా సిటీ నుంచి తూర్పుగా గంటకు పైగా ప్రయాణిస్తే బోలీ వస్తుంది. వెడల్పాటి పీకన్ వీధి, అటూ ఇటూ పాత ఇటుక భవనాలు. ఆ సందడి లేని వీధిని చూస్తే ఇక్కడ తుపాకులు పేలాయంటే నమ్మడం కష్టం.

కౌబాయ్ అనగానే జాన్ వేన్ లాంటి తెల్లవాడే కళ్ల ముందు మెదులుతాడు. నిజానికి పశువుల మందలు తోలిన ప్రతి నలుగురిలో ఒకరు నల్లవారని చరిత్రకారుల అంచనా. బోలీలోనైతే మేయర్, బ్యాంకు అధ్యక్షుడు, దుకాణదారు అందరూ వారే. క్రీక్ తెగ వారి వద్ద బానిసలుగా ఉండి విముక్తులైన కుటుంబాలకు దక్కిన భూమిలో 1903లో ఈ ఊరు వెలిసింది. 1911 నాటికి జనాభా దాదాపు 4,000. రెండు బ్యాంకులు, మూడు పత్తి జిన్నింగ్ మిల్లులు. ఆ తర్వాత పత్తి ధర పడిపోయింది. 1939లో రైలూ ఆగిపోయింది.

మంచి రోజుల్లోనే ఊరికి సినిమా వచ్చింది. ఫ్లోరిడాకు చెందిన తెల్లజాతి నిర్మాత రిచర్డ్ నార్మన్ ఇక్కడ మూకీ చిత్రం 'ది క్రిమ్సన్ స్కల్' తీశారు. 1922లో విడుదలైన ఆ చిత్రంలో బందిపోట్లూ నల్లవారే, వారిని పట్టేవారూ నల్లవారే. పరుగెత్తే ఎద్దు కొమ్ములు పట్టి నేలకూల్చే విద్యకు ఆద్యుడైన బిల్ పికెట్ అందులో నటించారు. చిత్రం ప్రతి ఏదీ మిగల్లేదు. పోస్టర్లు, కొన్ని ఫొటోలే దక్కాయి.

పదేళ్లకు కథ నిజమైంది. 1932 నవంబర్ 23న ప్రెట్టీ బాయ్ ఫ్లాయిడ్ ముఠా మనుషులు ముగ్గురు ఫార్మర్స్ అండ్ మర్చంట్స్ బ్యాంకులోకి చొరబడ్డారు. వారిలో ఒకడు నల్లవాడే. అలారం మోగించినందుకు అధ్యక్షుడు డి.జె. టర్నర్‌ను జార్జి బర్డ్‌వెల్ కాల్చి చంపాడు. లోపలి ఖజానా గదిలోంచి బుక్‌కీపర్ మెక్‌కార్మిక్ రైఫిల్ పేల్చి బర్డ్‌వెల్‌ను కూల్చాడు. బయట ఊరివాళ్లు తుపాకులతో సిద్ధమయ్యారు. మరో దొంగ చచ్చాడు, మూడోవాడు గాయాలతో దొరికిపోయాడు.

ఆ రోజు బోలీకి రాని ఫ్లాయిడ్‌కే కీర్తి దక్కింది. ఇదే కౌంటీలోని ఒకీమాలో పుట్టిన ఉడీ గత్రీ అతనిపై పాట కట్టారు. 1960, 1970ల్లో అతని పేరుతోనే సినిమాలొచ్చాయి. 2009లో 'పబ్లిక్ ఎనిమీస్'లోనూ కనిపించాడు. టర్నర్, మెక్‌కార్మిక్‌ల పేర్లు ఊరి పొలిమేర దాటింది తక్కువే.

పరిస్థితి కొంత మారింది. 2021లో వచ్చిన 'ది హార్డర్ దే ఫాల్' నల్లజాతి బందిపోట్ల కథే. పాత్రల పేర్లు చరిత్రలోవి, కథ మాత్రం కల్పితం. స్టేజ్‌కోచ్ మేరీగా పేరొందిన మేరీ ఫీల్డ్స్ ముదురు నలుపు, భారీ విగ్రహం. తెర మీద ఆమె ఛాయ తగ్గింది, నడుమూ సన్నబడిందన్న విమర్శలొచ్చాయి. చోటిచ్చినా హాలీవుడ్ తన కొలతలకే కత్తిరించుకుందన్నమాట.

బోలీ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. మే నెలాఖరులో మెమోరియల్ డే వారాంతానికి ఇక్కడ జరిగే రోడియోకు శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. దుమ్ము రేపుతూ బరిలోకి దూకే రౌతులను చూడ్డానికి వేరే ఊళ్ల నుంచీ జనం వస్తారు. నల్ల కౌబాయ్ ఉన్నాడా అని ఇక్కడెవరూ అడగరు. ఏ గుర్రం గెలుస్తుందన్నదే వారి చర్చ.