కొలిమి అక్కడ, రాళ్లు ఇక్కడ

కొవ్వూరు దాటి దేవరపల్లి వైపు వెళ్తుంటే గౌరీపట్నం దగ్గర నల్లరాతి క్వారీలు కనిపిస్తాయి కదండీ. గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్ల శ్లాబుల్లో ఆ కంకర ఉందో! ఆ రాయి ఒకప్పుడు లావా. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల క్రితం పడమటి దిక్కున భూమి పగిలి, పొంగిన లావా పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. వికారాబాద్ అనంతగిరి గుట్టలు, ఆదిలాబాద్ పత్తిచేలలోని నల్లరేగడి, అన్నీ ఆ పొంగు తాలూకువే.

ఆ పొంగుకు కారణమైన కొలిమి ఇప్పటికీ ఆరలేదు. మన నేల దాని మీద నుంచి ఉత్తరానికి జరిగిపోయింది. ఆ దారిలోనే లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్, చివరికి మారిషస్ పుట్టాయి. ఇప్పుడు అది మండుతున్నది మడగాస్కర్‌కు తూర్పున, రీయూనియన్ అనే చిన్న దీవి కింద. సెలవులకు ఎక్కడికెళ్లాలని ఎవరైనా అడిగితే నేను ఈ దీవి పేరే ఎందుకు చెబుతానో అర్థమైంది కదా. మన ఊరి రాయి ఎలా పుట్టిందో కళ్లారా చూడగలిగే చోటు అది.

1946 నుంచి ఈ దీవి ఫ్రాన్స్‌లో ఒక జిల్లా. నడిచేది యూరో, మాట్లాడేది ఫ్రెంచ్, క్రియోల్. మారిషస్ వరకు విమానంలో వెళ్తే అక్కడి నుంచి గంటలోపు ప్రయాణం. కారు అద్దెకు తీసుకుని మీరే నడుపుకోండి. బస్సులు ఊళ్లకు వెళ్తాయి, నిజమే. కానీ కొండ మీద తెల్లారకముందే మీరు ఉండాల్సిన చోటికి ఏ బస్సూ సమయానికి చేర్చదు. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, బండి కుడివైపు నడపాలి. అలవాటు పడటానికి మొదటి పూట సముద్రం ఒడ్డు రోడ్డు మీదే తిరగండి. చిన్న కారు చాలు, పెద్దది తీసుకుంటే కొండదారి సొరంగాల్లో ఇబ్బంది పడతారు.

ఈ దీవి విస్తీర్ణం 2,512 చదరపు కిలోమీటర్లు. మ్యాపు చూసిన మనవాళ్లు వెంటనే ‘రెండు రోజుల్లో చుట్టేయొచ్చు’ అంటారు. ఒడ్డు వెంట తిరగాలంటే ఒక్కరోజు కూడా అక్కర్లేదు. కానీ దీవి ఉన్నది ఒడ్డున కాదు, పైన. మధ్యలో పిటాన్ దే నేజ్ శిఖరం 3,070 మీటర్లు. ఎప్పుడో చల్లారిన ఆ పాత అగ్నిపర్వతం చుట్టూ కొండ కూలి, వానకు కోసుకుపోయి, సిలావోస్, సలజీ, మఫాట్ అనే మూడు పెద్ద గుంటలు ఏర్పడ్డాయి. అందుకే ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో లెక్క వేయకండి. ఎంత ఎత్తు ఎక్కాలి, మబ్బు ఎప్పుడు దిగుతుంది, ఈ రెండే చూసుకోండి.

సిలావోస్ దారి సంగతే తీసుకోండి. సెన్ లూయీ నుంచి పైకి దాదాపు 37 కిలోమీటర్లు, మలుపులు మాత్రం నాలుగు వందలకు పైనే. ఒక చోట రోడ్డు వంతెన ఎక్కి, గుండ్రంగా తిరిగి, తన కిందనుంచే తాను దూరి పోతుంది. సొరంగాల్లో ఒక్క బండికే చోటు. ముందు ఆగి, అవతల దీపాలు కనపడుతున్నాయా అని చూసి, హారన్ కొట్టి వెళ్లాలి. ఎదురుగా బస్సు వస్తే దారి మీరే ఇవ్వాలి. ఆ డ్రైవరుకు ప్రతి మలుపూ తెలుసు, అతను ఆపమన్న చోట ఆపితే చాలు. 1932లో ఈ రోడ్డు పడకముందు, పైనున్న వేడినీటి బుగ్గల్లో స్నానానికి వచ్చే షావుకార్లను కుర్చీల్లో కూర్చోబెట్టి మనుషులు మోసుకెళ్లేవారట. ఆ లోయ అంచులు చూశాక ఆ మోసిన భుజాలు తలుచుకోకుండా ఉండలేం. 

పైన చిన్న చిన్న చెక్కల్లో ఒక రకం కాయధాన్యం పండిస్తారు, మన మైసూరు పప్పు జాతిది. అన్నం, ఆ పప్పు, ఒక కూర, పక్కన టమాటా పచ్చిమిర్చి కలిపి నూరిన ఘాటైన పచ్చడి. ఇదీ అక్కడి భోజనం. సలజీ వైపు వెళ్తే రోడ్డు పక్క కంచెల మీదంతా బెంగుళూరు వంకాయ తీగలే.

ఇక అసలు కొండకు వద్దాం. పిటాన్ ద లా ఫుర్నేజ్, 2,632 మీటర్లు. ప్రపంచంలో అతి తరచుగా పొంగే అగ్నిపర్వతాల్లో ఒకటి. బూర్ మురా ఊరి నుంచి అటవీ రోడ్డు పడుతుంది. పచ్చిక బయళ్లు, ఆవులు, చలిగాలి. అలా ఎక్కుతూ ఎక్కుతూ ఒక మలుపు తిరగ్గానే కింద ప్లేన్ దే సాబ్ల్ కనిపిస్తుంది. చెట్టు లేదు, గడ్డి లేదు, ఎర్రటి నల్లటి బూడిద మైదానం. దాని మధ్యలోంచి గుంతల మట్టిరోడ్డు. నెమ్మదిగా వెళ్లండి. నాలుగు వైపులా చూడటానికైనా నెమ్మదిగా వెళ్లాలి.

రోడ్డు పా ద బెల్‌కోంబ్ దగ్గర ఆగిపోతుంది. కారు అక్కడ పెట్టి, గోడలా నిలబడ్డ కొండచరియ మీద మెట్లు దిగితే లావా మైదానంలో కాలు పెడతారు. కాసేపు వంగి ఆ నేలను దగ్గరగా చూడమని నా మనవి. పారుతూ పారుతూ పైపొర ముడతలు పడి, పేనిన తాళ్లలా గడ్డకట్టిన రాయి అది. ఆ ముడతల సందుల్లో వేలెడు ఎత్తున బూడిదరంగు నాచులాంటిది మొలిచి ఉంటుంది, ముట్టుకుంటే గరగరలాడుతుంది. కొత్త లావా మీద ముందుగా బతికేది అదే. దాని వెనక ఫెర్న్ మొక్కలు, వాటి వెనక పొదలు, తరవాతే చెట్లు. రాయి నేలగా మారడం ఎలా మొదలవుతుందో అక్కడ మోకాళ్ల మీద కూర్చుంటే తెలుస్తుంది. మన నల్లరేగడి కూడా ఒకప్పుడు రాయే కదా అనిపించి నేను చాలాసేపు లేవలేకపోయాను.

దారి పొడవునా రాళ్ల మీద తెల్లరంగు చుక్కలు వేసి ఉంటాయి. వాటిని వదలకండి. మబ్బు కమ్మితే పక్క మనిషి కూడా కనిపించడు, ఆ చుక్కలే దిక్కు. కొండ పైదాకా వెళ్లిరావడానికి ఐదారు గంటలు పడుతుంది. మధ్యలో టెక్‌టెక్ అనే పిడికెడు పిట్ట మీ వెంట పడి, రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ మిమ్మల్ని పరీక్షగా చూస్తుంది. దానికి బిస్కెట్టు ముక్కలు వేయకండి, దాని తిండి దానికుంది.

తెల్లవారుజామున బయల్దేరమని ఎందుకంటున్నానంటే, ఉదయం తొమ్మిది పది దాటితే లోయలు మబ్బుతో నిండిపోతాయి. మాయిదో అనే కొండ అంచు మీద నిలబడి కింద మఫాట్ లోయను చూడాలంటే సూర్యుడితో పాటే అక్కడుండాలి. ఆలస్యమైతే తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు.

తూర్పున సముద్రం ఒడ్డు రోడ్డు లావా పారిన వాలు మీదుగానే వెళ్తుంది. ఏ పొంగు ఏ ఏడాదిదో రోడ్డు పక్క పలకల మీద రాసి ఉంటుంది. 1977 ఏప్రిల్‌లో లావా ఒక ఊరి మీదికి వచ్చి ఇళ్లు కాల్చి, చర్చిని చుట్టుముట్టి, గుమ్మం దగ్గర ఆగింది. ఆ చర్చి ఇవాళ్టికీ ఉంది, చుట్టూ నల్లరాయి గడ్డకట్టి. 2007 ఏప్రిల్‌లో వచ్చిన పొంగు ఈ రోడ్డును నిలువునా పూడ్చేసింది. అదే సమయంలో పైన శిఖరం మీది బిలం అడుగు మూడు వందల మీటర్లు కుంగిపోయింది. ఏళ్లు గడిచినా వాన పడితే ఆ లావా మీద ఆవిర్లు లేచేవి.

కారు గురించి ఇంత చెప్పాను గానీ, మఫాట్‌కు రోడ్డే లేదు. నడిచి వెళ్లాలి, లేదా హెలికాప్టర్. కోల్ దే బఫ్ దగ్గర కారు పెట్టి రెండు గంటలు దిగితే లా నువెల్ అనే పల్లె వస్తుంది. ఒక రాత్రి అక్కడ పడుకోండి, బస ముందే మాట్లాడుకుని వెళ్లండి. తోటల యజమానుల చెర తప్పించుకున్న బానిసలు ప్రాణాలు అరచేత పట్టుకుని దాక్కున్న లోయ ఇది. వాళ్ల పేర్లే ఇక్కడి కొండలకున్నాయి.

1848 డిసెంబరు 20న బానిసత్వం రద్దయింది. వాళ్ల చోట చెరకు కొట్టడానికి మనవాళ్లను ఓడలెక్కించారు. అసలు 1820ల చివర్లోనే ఫ్రెంచివాళ్ల యానాం నుంచి తెలుగు కూలీలు ఈ దీవికి వచ్చారు. తరవాత వచ్చిన వేలమందిలో ఎక్కువమంది తమిళులు. తూర్పున సెన్ ఆంద్రే దగ్గర చెరకు చేల పక్కన రంగురంగుల గోపురాలు కనిపిస్తే దిగండి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లండి. అది చూడకుండా కొండలు మాత్రమే చూసి వస్తే నాకు బాధగా ఉంటుంది.

వెళ్లాల్సింది మే నుంచి నవంబరు లోపు. జనవరి, ఫిబ్రవరి, మార్చి తుపాన్ల నెలలు. 2007 ఫిబ్రవరిలో కొండ మీది కమెర్సన్ బిలం దగ్గర మూడు రోజుల్లో 3,929 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాదులో ఏడాదంతా కురిసేదానికి నాలుగు రెట్లు మించి! వీసా అడిగేటప్పుడు రీయూనియన్ పేరు చెప్పే అడగండి, ఈ దీవి షెంగెన్‌లో లేదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకోండి. పైన చలి కొరుకుతుంది, స్వెటరు పెట్టుకోండి. ఈతకు పడమటి ఒడ్డున పగడపు దిబ్బల లోపలి నీళ్లే మంచివి, బయట సొరచేపలు తిరుగుతాయి.

మీరున్నప్పుడే కొండ పొంగితే లావా మైదానంలోకి దిగే గేటు మూసేస్తారు, నడక ఉండదు. నిరాశ పడకండి. హోటలు వాళ్లను అడిగితే ఎక్కడ నిలబడితే కనిపిస్తుందో చెబుతారు. చీకటి పడ్డాక ఊళ్లకు ఊళ్లు పిల్లాపాపలతో, అన్నం గిన్నెలతో అక్కడికే బయల్దేరతాయి. మీరూ వాళ్ల వెనకే కారు పోనివ్వండి.