అటకెక్కే కంప్యూటర్లు

కరెంటు పోయింది. ఎవరూ తలెత్తలేదు.

ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగింది. గోడవారగా కూర్చున్న అమ్మాయి దరఖాస్తు నింపుతూనే ఉంది. పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు యూడీసీ గుమాస్తా ఉద్యోగ పరీక్ష పాత ప్రశ్నపత్రం తెరమీద పెట్టుకుని ఒక లెక్క గురించి వాదించుకుంటూనే ఉన్నారు. పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఒక్కరే విసుక్కుని, కుర్చీ లాక్కుని గుమ్మం దగ్గర వెలుతురులోకి జరిగారు.

"నాలుగేళ్ల కిందట మీరొచ్చుంటే ఈపాటికి ఇక్కడ చేపల బజారేనండి" అన్నారు గ్రంథాలయం చూసుకునే మాస్టారు. "నాలుగు యూపీఎస్‌లూ ఒక్కసారే కుయ్యో మొర్రో అనేవి. సేవ్ చెయ్యండర్రా, సేవ్ చెయ్యండి అంటూ నేను ఈ చివర్నించి ఆ చివరికి పరిగెత్తేవాణ్ణి. ఆయ్."

యానాంలో ఒక చిన్న గ్రంథాలయం ఇది. పెంకుటిల్లు, ముందు వసారా, లోపల ఒక పొడుగు గది, గదికి మూడొంతుల మేర పాతకాలపు చెక్క అటక. ఊళ్లోవాళ్ల చందాలతో నడుస్తుంది. పేరు రాయొద్దన్నారు మాస్టారు. "ఇక్కడ ల్యాప్‌టాప్‌లున్నాయని పేపర్లో పడితే కొత్తరకం పాఠకులు రాత్రిపూట వస్తారండి" అని కారణం చెప్పారు. న్యాయమే. కాబట్టి ఊరి పేరే రాస్తున్నాను.

నేను వెళ్లింది మొన్న కార్తీకంలో, అమలాపురం వైపు నుంచి. మురమళ్ల, ఎదుర్లంక దాటి బాలయోగి వారధి ఎక్కితే అవతల యానాం. వారధి లేనప్పుడు పంటు మీద దాటేవాళ్లం. బస్సులో పక్కనాయన "చవక పెట్రోలుకా?" అని అడిగాడు. గ్రంథాలయానికి అంటే నమ్మలేదు. చుట్టూ మన గోదావరి జిల్లాలే, మాట మన మాటే, పాలన మాత్రం పుదుచ్చేరిది. 1723లో ఫ్రెంచివాళ్లు అడుగుపెట్టిన ఊరు, 1954లో వాళ్ల చేతుల్లోంచి జారిన ఊరు. ఆ చరిత్రంతా పర్యాటకుల కోసం బోర్డుల మీద రాసి ఉంది, మళ్లీ చెప్పను. ఈ కథకి కావలసిన ముక్క ఒకటే: ఇక్కడి పిల్లల రాజధాని 800 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. కాలేజీ సీటు కావాలంటే సెంటాక్ అనే ప్రవేశాల సంస్థకి దరఖాస్తు, కొలువు కావాలంటే పుదుచ్చేరి నోటిఫికేషను. అన్నీ ఆన్‌లైనే. సెల్‌ఫోన్లో నింపితే ఫొటో సైజు దగ్గర, సంతకం సైజు దగ్గర ఇరుక్కుంటారు. నెట్ సెంటర్లో ఫారానికింత అని తీసుకుంటారు. అందుకే ఈ గదిలో నవలల బీరువా కంటే కంప్యూటర్ బల్లకే గిరాకీ ఎక్కువ.

ఆ బల్ల మీద ఒకప్పుడు నాలుగు డెస్క్‌టాప్‌లుండేవి. వాటి గురించి మాస్టారు చెబుతుంటే ముసలి ఎడ్ల గురించి రైతు చెబుతున్నట్టుంది: తిట్టూ ఉంది, ప్రేమా ఉంది. మన వాడుకలో సీపీయూ అంటే ఆ నిలువు డబ్బా మొత్తం. ఆ డబ్బాలకి ఉప్పుగాలి పడదు. మరలు తుప్పు పట్టేవి, మూత ఊడదీయడమే ఒక పని. వారం రోజులు వాన పట్టి వదిలాక స్విచ్చి వేస్తే తెర నల్లగా ఉండి, డబ్బా మూడుసార్లు కీచుమనేది. అప్పుడు మాస్టారు మూత తీసి, ర్యామ్ పట్టీ పీకి, దాని అంచున ఉండే బంగారు రంగు గీతల్ని పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్లీ గుచ్చేవారు. అంతే, పలికేది. "ఒకసారి ఎంత రుద్దినా పలకలేదండి. చూస్తే ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో బల్లి దూరి కాలిపోయింది. బల్లీ పోయింది, పెట్టే పోయింది." ఆ రబ్బరు ముక్క సొరుగులోంచి తీసి చూపించారు. ఒక పక్క నల్లగా, కొన మీద సన్నటి గాట్లతో, చింతగింజంత మిగిలింది.

డెస్క్‌టాప్‌లకి మూడింది 2022 జులై గోదారి వరదలో. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులొస్తే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ నెల అదీ దాటింది, 25 లక్షల క్యూసెక్కుల పైచిలుకు కిందికి వదిలారు. 1986 వరద చూసినవాళ్లకి ఇది చిన్నదే, అప్పుడు 35 లక్షలు. కానీ యానాం పల్లపు వీధులకి 25 లక్షలు చాలు. ఈ గదిలోకి మోకాటి లోతు వచ్చింది. పుస్తకాలు కింది అరల్లోవి పైకి ఎక్కించారు. తెరలు ఎత్తారు. డబ్బాలు మాత్రం కంప్యూటర్ టేబుల్ అడుగున, నేలకి నాలుగంగుళాల ఎత్తులో ఉండే గూట్లో ఉన్నాయి. (ఆ టేబుల్ నమూనా గీసినవాడెవడో గోదారి ఎరగనివాడు.) ఒక్కో డబ్బాకి ఏడేసి తీగలు. కరెంటు తీసేసిన చీకట్లో, టార్చి నోట కరుచుకుని, తెర తీగకుండే రెండు తుప్పు మరలు విప్పుతుండగా నీళ్లొచ్చేశాయి. రెండు బతికాయి, రెండు మునిగాయి. వారం తరవాత మూత తెరిస్తే లోపల మదర్‌బోర్డు మీద దోసె పోసినట్టు సమంగా ఒండ్రు.

"ఆ రోజే అనుకున్నానండి, ఇక కొంటే చంకలో పెట్టుకుని పోగలిగిందే కొనాలని" అన్నారు మాస్టారు.

తరవాత ఒక్కొక్కటిగా ఐదు ల్యాప్‌టాప్‌లు చేరాయి. కొత్తవి కావు. హైదరాబాదు ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు వాడి తీసేస్తే, బాగుచేసి అమ్మే దుకాణాల సరుకు నాలుగు. ఐదోది దానం, దాని సంగతి వేరే చెప్పాలి. మిగిలిన రెండు డెస్క్‌టాప్‌లూ ఇంకొన్నాళ్లు లాగేవే. కానీ వాటిలో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. 11 ఎక్కిద్దామంటే పాత ప్రాసెసరు చాలదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు. మనిషికి అరవై నిండితే పింఛనైనా ఇస్తారు, వీటికి అదీ లేదు. ఒకదాంట్లో లైనక్స్ వేశారు, చక్కగా నడుస్తోంది. అదొక్కటీ ఇంకా బల్ల దిగలేదు, కారణం కింద చెబుతాను.

కరెంటు పోయినా ఎవరూ తలెత్తకపోవడంలో గారడీ ఏమీ లేదు. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. పాత 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. గుణిస్తే 84 వాట్ అవర్లు. డబ్బా, తెర కలిపి 100 వాట్ల దాకా లాగేస్తాయి. కాగితం మీద ముప్పావుగంట, చేతలో పావుగంట, బ్యాటరీకి రెండేళ్లు నిండితే ఐదు నిమిషాలు. ల్యాప్‌టాప్ బ్యాటరీ దానికంటే చిన్నది, 50 వాట్ అవర్లు ఉంటుందేమో. కానీ టైపు చేసుకుంటుంటే అది తాగేది 15, 20 వాట్లే. రెండున్నర గంటలు ఢోకా లేదు. పెద్ద బిందెకి పెద్ద చిల్లు, చిన్న చెంబుకి సూది బెజ్జం. ఇక నెట్ పోకుండా రౌటర్‌కి అరచేతంత మినీ యూపీఎస్ ఒకటి తగిలించారు. ఈ గదిలో అన్నిటికంటే తెలివైన ఖర్చు అదేనని నాకనిపించింది.

ఇప్పుడు ఐదో ల్యాప్‌టాప్. 1962 ఆగస్టు 16న బదిలీ ఒప్పందం పూర్తిగా అమల్లోకి వచ్చినప్పుడు, కావలసినవాళ్లు ఆరు నెలల్లోగా ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవచ్చన్నారు. పుదుచ్చేరిలోలాగే ఇక్కడా కొన్ని కుటుంబాలు అలా ఫ్రాన్సు దారి పట్టాయి. అలాంటి ఇంటి మనవడొకాయన సెలవులకొచ్చి, తన ల్యాప్‌టాప్ ఇక్కడిచ్చి వెళ్లాడు. గట్టి సరుకు, ఉన్న ఐదింటిలో వేగమైనది. కీబోర్డు మాత్రం ఫ్రెంచిది. మనకి ఏ ఉండే చోట దానికి క్యూ. డబ్ల్యూ చోట జెడ్. ఎమ్ ఉండాల్సిన చోట కామా, ఎమ్ వెళ్లి ఎల్ పక్కన కూర్చుంది. అంకె కొట్టాలంటే షిఫ్ట్ నొక్కాలి. టైపు బాగా వచ్చిన కుర్రాడొకడు చూడకుండా ఇంగ్లీషులో యానాం అని కొడితే వై, క్యూ, ఎన్, క్యూ, కామా అని పడింది. "రెండొందల ఏళ్లు ఏలినా మాకు ఫ్రెంచి అంటలేదు గానీ, ఇది అంటుకుందండి" అని మాస్టారు నవ్వారు. లోపల సెట్టింగు మార్చి, మీటల మీద తెల్ల స్టిక్కర్లు అంటించి అక్షరాలు రాశారు. చెమట చేతులకి స్టిక్కర్లు ఊడిపోతాయి. నేను చూసినప్పుడు ఏ మీద స్టిక్కరు సగం లేచి, కింద నుంచి క్యూ తొంగిచూస్తోంది. చిన్న పిల్లలు పోటీపడి దాని దగ్గరే కూర్చుంటారట, ఆటగా ఉంటుందని.

ల్యాప్‌టాప్‌లు వచ్చాక అంతా వెలుగేనా అంటే కాదు. మూడు గంటలు దాని మీదికి వంగి చదివితే మెడ పట్టేస్తుంది. ఇక్కడ దానికొక విరుగుడు కనిపెట్టారు: కాలం చెల్లిన పోటీపరీక్షల గైడ్లు నాలుగేసి తాడుతో కట్టగట్టి, ఆ పీట మీద ల్యాప్‌టాప్ పెట్టి, విడిగా ఒక చవక కీబోర్డూ మౌసూ తగిలించారు. అంటే తిప్పి తిప్పి డెస్క్‌టాపే చేశారు! ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంచితే ఒకదాని బ్యాటరీ ఉబ్బి, టచ్‌ప్యాడు బూరెలా పైకి లేచింది. అప్పటినుంచి 80 శాతం దగ్గర ఆగిపోయేలా సెట్ చేశారు. ఒకదాని మూత కీలు విరిగింది. డెస్క్‌టాప్‌కైతే కీబోర్డు పోతే కొత్తది కొనుక్కొచ్చి గుచ్చితే సరి. ల్యాప్‌టాప్‌కి ఏ ముక్క పోయినా కాకినాడ తీసుకెళ్లాలి, రోజు పోతుంది. రబ్బరుముక్కతో బాగయ్యే జబ్బులు దీనికి రావు. ఈ మాట అన్నప్పుడు మాస్టారి గొంతులో కొంచెం దిగులు వినపడింది, లేక నేనే విన్నానో.

పుస్తకం ఇచ్చినట్టే ల్యాప్‌టాప్ కూడా ఇస్తారు. వెనక అట్టమీద ఎర్ర పెయింటుతో నంబరు, దానికొక రిజిస్టరు, కార్డు బల్ల దగ్గర పెట్టాలి, గుమ్మం దాటకూడదు. వసారాలో కూర్చోవచ్చు. ఈ ఒక్క మార్పుతో గది రూపే మారింది. ఇదివరకు కంప్యూటర్లు ఒక గోడకి, పుస్తకాలు ఒక గోడకి, ఆ పాఠకులు వేరు, ఈ పాఠకులు వేరు. ఇప్పుడు నిఘంటువు ముందేసుకుని పక్కన ల్యాప్‌టాప్ తెరిచినవాళ్లని ఇద్దరిని చూశాను. నా మటుకు నాకు ల్యాప్‌టాప్‌ల వల్ల కలిగిన అసలు మేలు ఇది. కరెంటు ఆదా, వరద భయం దీని తరవాతే.

గ్రంథాలయం కదలడం మనకి కొత్తేమీ కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు పంపారు. ఒడ్డున ఊళ్లవాళ్లు వచ్చి తీసుకునేవారు. గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కు అయ్యంకి వెంకటరమణయ్య గారిది మన తూర్పు గోదావరి కొంకుదురే. పుస్తకం మోయదగినంత బరువే ఉంటుంది కాబట్టి వాళ్లు పడవకెక్కించగలిగారు. మధ్యలో పాతికేళ్లు మనం మోయలేని యంత్రాన్ని గ్రంథాలయంలో పెట్టుకున్నాం, అంతే.

బల్ల దిగని ఆ ఒక్క డెస్క్‌టాప్ సంగతి. ఇక్కడి పుస్తకాల జాబితా ఇరవై ఏళ్ల కిందట డీటీపీ కుర్రాడెవరో అను ఫాంటుల్లో కొట్టి ఇచ్చాడు. యూనికోడ్ కాదు. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే, ఆ ఫాంట్లు లేక, చలం, విశ్వనాథ, శ్రీపాద అందరూ ఇంగ్లీషు అక్షరాల, డాలరు గుర్తుల గుట్టగా కనిపిస్తారు. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, మళ్లీ ఒక్కొక్క పేరూ దిద్దుకోవాలి. పాత డెస్క్‌టాప్‌లో ఒక తెర మీద అసలు చూస్తూ, పక్కన ల్యాప్‌టాప్‌లో దిద్దుతున్నారు. డిగ్రీ అమ్మాయిలిద్దరు సాయంత్రాలు వచ్చి పట్టుదలగా చేస్తున్నారు. నేను వెళ్లిన రోజుకి 'ప' దాకా వచ్చారు.

మిగతా డబ్బాలు అటక మీదున్నాయి. పాత ఇనప సామాన్లవాడు తూకానికి అడిగాడట. 2023 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటివి రీసైకిల్ చేయాల్సింది రిజిస్టరైన వాళ్లే. అలాంటివాళ్లు మూడు డబ్బాల కోసం ఇంతదూరం రారు. మనవాళ్లు పనికిరానిది అటకెక్కింది అంటారు కదా, ఇక్కడ ఆ మాట సగమే నిజం. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటుతుందన్నప్పుడు, మధ్యాహ్నమే మాస్టారు ఐదు ల్యాప్‌టాప్‌లనీ మూతలు మూసి, ఇనప ట్రంకు పెట్టెలో పెట్టి, నిచ్చెన వేసి అదే అటక మీద పెట్టారు. పావుగంట పట్టిందట. ఆ తరవాత ఇంటికెళ్లి భోంచేశారు.

మీ బీరువా మీద, మంచం కింద, పిల్లలు కొత్తది కొనుక్కున్నాక మిగిలిన ల్యాప్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది. మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. ముందు మీ ఫొటోలు, పాస్‌వర్డులు తుడిచేయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఇవ్వకండి. ఛార్జరు తప్పకుండా ఇవ్వండి. మాస్టారి సొరుగులో ఛార్జరు లేకుండా వచ్చినవి ఇప్పటికే రెండున్నాయి.