లాగ్‌లో చుక్క గుర్తు

పెళ్లి పందిట్లో పదిమంది వాచీలు పది టైములు చూపిస్తాయి. తాళి కట్టేది మాత్రం పంతులుగారు తలూపినప్పుడే. ఎవరి వాచీని నమ్మాలన్నది అక్కడ ముందే తేలిపోయిన సంగతి. నెట్‌వర్క్‌లో ఆ పంతులుగారి పని చేసేది ఎన్‌టీపీ. రౌటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లు దాన్ని అడిగి తమ గడియారాలు సరిచేసుకుంటాయి. డేవిడ్ మిల్స్ 1985లో దీన్ని పత్రంగా పెట్టారు. పుట్టుకతోనే గ్లాకోమా ఉన్న మనిషి. చివరికి చూపు పూర్తిగా పోయింది. 2024 జనవరిలో ఆయన పోయినప్పుడు, ఆ కబురు మోసిన ప్రతి ఫోనులోనూ గడియారం సరిగ్గానే నడుస్తోంది.

టైము తప్పితే ఏమవుతుంది, నాలుగు నిమిషాలు అటూ ఇటూనే కదా అనిపిస్తుంది. నేను పనిచేసిన ఒకచోట నైట్ షిఫ్ట్ కుర్రాడి మీదికి వచ్చిందది. ఎవరో స్విచ్‌లో ఒక లైను మార్చారు, ఒక ఫ్లోర్ మొత్తం ఆగిపోయింది. లాగిన్ అందరికీ ఒకటే. లాగ్‌లో టైము 10:20. పదింటికి డ్యూటీ ఎక్కింది వాడే.

"అన్నా, నేను ముట్టుకోలేదన్నా" అన్నాడు.

"లాగ్ అబద్ధం చెప్పదు కదా బాబూ" అన్నారు పైవాళ్లు.

ఆ లైను మొదట్లో చిన్న చుక్క గుర్తు ఉంది. 'ఈ టైముకి నాది పూచీ కాదు' అని పరికరమే చెప్పుకోవడమది. ఎన్‌టీపీ లేక అది తన సొంత గడియారం మీదే నడుస్తోంది. అదే లైను లాగ్ సర్వర్‌కి చేరిన టైము 9:51. వాడప్పటికి ఆఫీసులోకే రాలేదు.

సర్వర్ పేరు ఇచ్చేస్తే పని అయిపోదు. ఎన్‌టీపీ యూడీపీ 123వ పోర్టు మీద నడుస్తుంది. తాళం లేకపోతే దారిలో ఎవడైనా నేనే సర్వర్‌నని దొంగ టైము చెప్పొచ్చు. అందుకే రెండువైపులా ఒకే రహస్య కీ పెట్టాలి, ఆ కీని నమ్మమని చెప్పాలి, సర్వర్ లైనుకి ఆ కీ నంబరు తగిలించాలి. చాలామంది ఈ మూడోది వదిలేస్తారు. తాళం కొని గుమ్మానికి వేయకపోవడమే అది. పాత ఎండీ5 కన్నా ఏఈఎస్ మేలు. ఎవరు పడితే వాళ్లు మన పరికరాన్ని ప్రశ్నలడక్కుండా కూడా కట్టడి చేయాలి. 2014లో ఇలా తెరిచి ఉంచిన ఎన్‌టీపీ సర్వర్లనే వాడుకుని పెద్ద పెద్ద దాడులు చేశారు.

2020లో ఎన్‌టీఎస్ వచ్చింది. సర్వర్ ఎవరో సర్టిఫికెట్ చూసి నమ్ముతుంది. తమాషా ఏమిటంటే, సర్టిఫికెట్ గడువు చూడాలంటే ముందు టైము తెలిసుండాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు! మొదటి అడుగులో దేన్నో ఒకదాన్ని నమ్మక తప్పదు.

మన దేశంలో 2022 నుంచి సెర్ట్-ఇన్ ఆదేశం ఉంది: గడియారాలు ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ సర్వర్లతోనో, వాటికి ముడిపడిన సర్వర్లతోనో కలపాలి, లాగులు 180 రోజులు దాచాలి. చాలాచోట్ల దీన్ని ఆడిట్ కోసం టిక్కు పెట్టే పనిగా చూస్తారు. నాకు మాత్రం అది సాక్షిని సిద్ధం చేయడం. రేపు ఎవరి ఉద్యోగమో ఆ సాక్షి నోటి మాట మీద ఆధారపడుతుంది. ఆ రోజు దాన్ని "నీ వాచీ ఎవరిని చూసి పెట్టుకున్నావు?" అని అడిగితే, జవాబు ఉండాలి.