నక్షత్రాల గుడి

ఖగోళ వేధశాల అనగానే ప్రభుత్వ ధనంతో నిర్మించిన పెద్ద గుమ్మటమూ, అందులో పనిచేసే శాస్త్రజ్ఞులూ మనకు స్ఫురిస్తారు. కాని సామాన్యులు స్వయంగా కట్టుకొని, నడుపుకొంటున్న వేధశాలలు కూడా లోకంలో ఉన్నాయి. వాటిలో నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణ సమీపాన ఒక కొండమీద ఉన్న స్టెలఫేన్. ఆ పేరుకు నక్షత్రాల గుడి అని అర్థం.

స్ప్రింగ్‌ఫీల్డ్ అప్పట్లో యంత్రపరికరాలను తయారుచేసే కర్మాగారాల ఊరు. ధ్రువప్రాంత యాత్రలు చేసివచ్చిన చిత్రకారుడు రస్సెల్ పోర్టర్ అక్కడ ఉద్యోగి. 1920లో ఆయన ఆ ఊరి కార్మికులకు దూరదర్శిని నిర్మాణాన్ని నేర్పసాగాడు.

దూరదర్శినికి ప్రాణం అద్దం. రెండు మందపాటి గాజుబిళ్ళల నడుమ గరుకుపొడిని, నీటిని వేసి, పై బిళ్ళను ముందుకు వెనుకకు తోస్తూ గంటల తరబడి అరగదీయాలి. క్రమంగా పై బిళ్ళ గుంటపడుతుంది. కింది బిళ్ళ ఉబ్బుతుంది. ఆ తరువాత అంతకంతకు మెత్తని పొడులతో రుద్ది, చివరకు మెరుగుపెట్టాలి. మిల్లీమీటరులో పదివేలవ వంతు హెచ్చుతగ్గులున్నా నక్షత్రబింబం చెదురుతుంది. ఆ దోషాన్ని పట్టుకోవడానికి ఒక చిన్న దీపం, పదునైన కత్తి అంచు చాలు. కావలసిన పెట్టుబడి అంతా ఓపికే.

పగలు యంత్రాల ముందు నిలిచిన ఆ చేతులే ఈ అద్దాలను మలిచాయి. 1923లో వారు సంఘంగా ఏర్పడి, మరుసటి ఏడు కొండమీద భవనం కట్టుకొన్నారు. 1926లో ఇతర ప్రాంతాల ఔత్సాహికులను ఆహ్వానించి తొలి సమావేశం జరిపారు. నేటికీ వేసవి సమావేశాలకు ఎందరో తాము చేసిన దూరదర్శినులతో అక్కడికి వస్తారు. రాత్రివేళ తెల్లని దీపం వెలిగించరు. చీకటికి అలవాటుపడిన కన్ను చెదరకుండా మసక ఎర్రదీపాలే వాడతారు. పోర్టర్ 1928లో కాలిఫోర్నియాకు వెళ్ళి, పాలొమార్ కొండమీది 200 అంగుళాల మహాదూరదర్శిని రూపకల్పనలో పాలుపంచుకొన్నాడు.

ఈ ఆసక్తి మనకూ కొత్త కాదు. 19వ శతాబ్దంలోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు స్వంత వేధశాలను నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబంపై శుక్రుని గమనాన్ని పరిశీలించాడు. అయితే అది ఒక సంపన్న కుటుంబపు ఆస్తి. స్టెలఫేన్ పదిమంది శ్రమతో వెలసినది. నన్ను ఆలోచింపజేసే భేదం ఇదే.

మా నాయనమ్మకు అక్షరజ్ఞానం లేదు. అయినా కార్తికమాసపు రాత్రులలో అరుగుమీద కూర్చొని పిల్లలకోడి చుక్కలను వేలితో చూపేది. అవే కృత్తికలు. ఇప్పుడు మా ఊరిలో రాత్రంతా వీధిదీపాల వెలుగే. అరుగు ఉన్నది, చుక్కలు కానరావు. అక్కడి పిల్లలకు కృత్తికలు పుస్తకంలోని పేరు మాత్రమే. ఎన్నడూ చూడనిదాని కోసం ఎవరు ఆరాటపడతారు? చూడాలన్న కోరిక నశిస్తే, ఆపైన ప్రశ్న కూడా పుట్టదు. ఖగోళశాస్త్రానికి కలిగే నష్టాలలో ఇంతకు మించినది లేదని నా నమ్మకం.

కళాశాల మేడపై దీపాలార్పి, ఒక చిన్న దూరదర్శినితో ఊరివారికి చంద్రుని గుంటలను, శని వలయాలను చూపే పని విద్యార్థులకు అసాధ్యం కాదు. అరగదీయడానికి రెండు గాజుబిళ్ళలు, కలిసి నిలిచే నలుగురు మిత్రులు ఉంటే ఆ దూరదర్శినిని కూడా వారే చేసుకోగలరు.