నొప్పికి ఎన్ని పేర్లో!

మా ఇంట్లో నొప్పిని ఒక్క మాటతో చెప్పరు. అమ్మకు మెడ గుంజుతుంది, నడుము పట్టేస్తుంది, రాత్రిపూట చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి. నాయనకు మోకాళ్ళు సలుపుతాయి, మడమల్లో పోటు వస్తుంది. తెలుగు క్లాసులో పర్యాయపదాలు అనగానే నాకు ఇవే గుర్తొస్తాయి. కానీ ఇవి పర్యాయపదాలు కావు. గుంజుడు వేరు, సలుపు వేరు, తిమ్మిరి వేరు. ఆ తేడా డాక్టరుకు చాలా అవసరం. అయినా దవాఖానాలో స్టూలు మీద కూర్చోగానే అమ్మ ఇన్ని మాటలూ వదిలేసి మరాఠీలో ఒక్కటే చెప్తుంది: ఒళ్ళు నొప్పులు. అంతే. నొప్పుల గోలీలు చేతికొస్తాయి.

మన సోలాపూర్ తూర్పు భాగంలో ఏ గల్లీలోకి వెళ్ళినా ఇదే కథ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మన తాతముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. మగవాళ్ళు కార్ఖానాలో సాంచాల దగ్గర షిఫ్టు మొత్తం నిలబడి చాదర్లు, టవళ్ళు నేస్తారు. ఆడవాళ్ళు ఇంట్లో బీడీలు చుడతారు. ఒళ్ళో చేట, దాని మీదికి వంగిన మెడ. ఆకు కత్తిరించడం, పొగాకు వేసి చుట్టడం, దారం కట్టడం, కొన మడవడం. రోజుకు వెయ్యి బీడీలనుకుంటే, ఏడాదికి 300 రోజుల చొప్పున ఇరవై ఏళ్ళకు 60 లక్షలు. ప్రతి బీడీకీ అవే వేళ్ళు, అదే మణికట్టు. ఈ లెక్క నోటుబుక్కులో వేసి చూశాక "వయసు మీద పడింది, నొప్పులు రావా?" అనే మాటను నేను నమ్మడం మానేశాను. అమ్మకు ఇంకా నలభై అయిదు కూడా లేవు.

మూడు నెలలు దాటినా పోని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో దానికి విడిగా స్థానం ఉంది. అంటే కొన్నిసార్లు నొప్పి వేరే జబ్బుకు గుర్తు మాత్రమే కాదు, తానే ఒక జబ్బు. మామూలు నొప్పి ఇంటికి కాపలా కుక్కలాంటిది. దొంగ వస్తే మొరుగుతుంది, పోతే ఊరుకుంటుంది. ఏళ్ళ తరబడి నొప్పి ఉంటే నరాలు, మెదడు అతి జాగ్రత్తకు అలవాటు పడతాయి. అప్పుడు గాలికి ఆకు కదిలినా కుక్క మొరుగుతుంది. అంతమాత్రాన ఆ నొప్పి అబద్ధం కాదు, మనసులో పుట్టించుకున్నదీ కాదు. నిద్ర చాలకపోతే, ఇంట్లో దిగులుంటే అది ఇంకా పెరుగుతుంది. ఫీజు కట్టాల్సిన నెలలో అమ్మ మెడ ఎక్కువ గుంజడానికి కారణం నాకు అప్పుడు అర్థమైంది.

నొప్పి వచ్చినప్పుడల్లా ఎవరినీ అడక్కుండా మెడికల్ షాపులో గోలీ కొనుక్కుని మింగడం మన గల్లీలో మామూలు. చాలా రకాల నొప్పి గోలీలను రోజూ వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు ప్రమాదం మరీ ఎక్కువ. అలాగని పూర్తిగా మంచం ఎక్కడమూ మందు కాదు. కదలకపోతే కండరాలు ఇంకా బలహీనమవుతాయి. మెల్లగా, రోజూ, కొద్దికొద్దిగా కదలడమే మేలు.

"వంద బీడీలకొకసారి లేచి రెండు నిమిషాలు నడువమ్మా" అని అన్నాను. "లేస్తే లెక్క తప్పుతది బిడ్డా, వెయ్యి ఎవరు నింపుతరు?" అంది అమ్మ. ఆమె అడిగింది న్యాయమే. లెక్క మీద కూలి ఇచ్చే పనిలో విశ్రాంతి అంటే డబ్బు పోవడమే. అందుకే ఇద్దరం కూర్చుని కూడాము. పదిసార్లు లేస్తే పోయేది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల ఆకు నేను కాలేజీ నుంచి వచ్చి కత్తిరిస్తాను. ఇప్పుడు అమ్మ పీట మీద కూర్చుంటుంది. వీపు వెనక మడతపెట్టిన పాత చాదర్, చేట కింద దిండు. చేట పైకి రావడంతో మెడ అంతగా వంగడం లేదు. నొప్పి పోలేదు. కానీ రాత్రి మధ్యలో లేవడం తగ్గింది. మాకది చిన్న విషయం కాదు.

ఈసారి దవాఖానాకు పోయేటప్పుడు అమ్మ మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏ పని చేస్తే, ఏ వేళప్పుడు, గుంజుడా, సలుపా, తిమ్మిరా. "బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రి తిమ్మిరెక్కుతాయి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది" అని మరాఠీలో చదవగానే డాక్టరమ్మ తలెత్తి అమ్మ మణికట్టు పట్టుకుని చూశారు. అక్కడ నరం ఒత్తుకుపోతోందని చెప్పి, రాత్రి కట్టుకోవడానికి పట్టీ రాశారు. అదే చెయ్యి, అదే తిమ్మిరి. మాట మారితే మందు మారింది.

కుంభారిలో బీడీ కార్మిక మహిళలకు దాదాపు 10 వేల ఇళ్ళున్న గోదూతాయి పరులేకర్ కాలనీ 2006లో ఊరికే రాలేదు. ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి అడిగితే వచ్చింది. ఇల్లు కావాలని కలిసి అడిగిన మన అమ్మలు నొప్పిని మాత్రం ఎవరికి వారే మింగుతున్నారు. బీడీ కార్మికుల సంక్షేమ నిధికి 1976లోనే చట్టం వచ్చింది, అందులో వైద్యమూ ఉంది. మీ అమ్మ గుర్తింపు కార్డు ఏ పెట్టె అడుగున ఉందో ముందు వెతకండి.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

మిగతా రోజుల్లో ఒక కాగితం, ఒక పెన్ను చాలు. ఈ రాత్రి చేట పక్కన కూర్చుని "ఎట్లా నొస్తుందమ్మా?" అని అడిగి, ఆమె చెప్పిన మాటనే రాయండి.