కాటిసీను పద్యములు

నేను రంగస్థలపు పాటను చిన్నచూపు చూచుచు పెరిగినదానను. మా నాయనగారు భారత భాగవతములు నాకింటనే చెప్పిరి. పద్యమును అర్థము చెడకుండ చదువవలెననియు, రాగము లాగుట దానిని చంపుటయే యనియు వారి మతము. కావున చెన్నకేశవస్వామి ఉత్సవములలో హరిశ్చంద్ర నాటకమని తెలిసినప్పుడు, అత్తగారికి తోడుగా మాత్రమే మార్కాపురము పోతిని.

హరిశ్చంద్ర వేషధారి 70 ఏండ్లు దాటిన వృద్ధుడు. మొదటి పద్యమునకే గొంతు జీరవోయినది. వెనుక కుఱ్ఱవాండ్రు నవ్విరి. సోదరీమణులారా, దాచనేల? నేనును లోలోన నవ్వితిని.

కాటిసీను వచ్చుసరికి రాత్రి 2 గంటలైనది. ఆయన పద్య మెత్తుకొని, పైస్థాయి నందుకొనలేక, అచ్చటనే యాగి, మాటను మెల్లగా క్రిందిస్థాయిలో పలికెను. విడిచిన రాగమును హార్మోనియము పూర్తిచేసెను. అమెరికాలో బానిసల సంతతివారి దుఃఖమునుండి పుట్టిన బ్లూస్ పాటను మావా రొకప్పుడు సెల్‌ఫోనులో వినిపించిరి. బి.బి.కింగ్ అను గాయకుడు 2014లో, 89 ఏండ్లు నిండిన పిమ్మటను, కుర్చీలో కూర్చుండి కచేరీలు చేసెనట. ఆయన పాడి యాగినచోట గిటారు బదులు చెప్పును. నాకది జ్ఞప్తికి వచ్చినది. నవ్విన కుఱ్ఱవాండ్రే "వన్స్ మోర్" అని కేకలు వేసిరి. అక్షరము నేర్వని మా అత్తగారు ప్రతి పాదమును ఆయనకంటె ముందే పెదవులతో పలుకుచుండిరి.

తిరుగుదారిలో "ఆ పద్యాలు రాసినాయన ఎంత పుణ్యాత్ముడోనమ్మా!" అనిరి.

నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంతకవిది. కాని కాటిసీనులో నటులు చేర్చుకొన్న శ్మశానవాటి పద్యములు గుఱ్ఱం జాషువవి. ఆయన 1895లో వినుకొండలో పుట్టెను; మన మార్కాపురము రోడ్డు స్టేషనులో రైలెక్కిన, దొనకొండ, కురిచేడు దాటినంతనే వినుకొండ. మావారివలె పంతులుగా బ్రదికి, అంటరానితనపు అవమానములు పడి, 1941లో గబ్బిలము వెలువరించిన కవి. నాకింత చదువు చెప్పిన నాయనగారి బీరువాలో ఆయన పుస్తక మొక్కటియు లేదు. ఏల లేదని నేనెన్నడు నడుగలేదు.

ఇదంతయు చెప్పితిని. అత్తగారు బస్సు దిగువరకు పలుకలేదు. కూలివారికని మా పెరటిగోడపై వేరుగా బోర్లించియుంచు గాజుగ్లాసు నాకు కన్నులలో మెదలినది. దానిని పెట్టినది ఆమెయే. నేనును పదిహేనేండ్లుగా దానిలోనే మంచినీళ్లు పోయుచున్నాను.

మరునాడు బియ్యమేరుచు, తలయెత్తకయే, "ఆ వినుకొండాయన పుస్తకం మీ ఆయన తెస్తాడా? కాస్త చదివి పెడుదువు" అనిరి.

పుస్తకము వచ్చినది. మధ్యాహ్నములందు చదువుచున్నాను. గ్లాసు మాత్ర మింకను గోడమీదనే యున్నది. ఎవరు ముందు తీయుదురా యని ఇరువురమును ఎదురుచూచుచున్నాము.